కోసిన జమ్ము ఎక్కడికి పోతుంది?

సంపాదకుల వారికి,

పారిశ్రామిక వాడల మురుగునీటిలో జమ్ము, వట్టివేరు, మెట్టతామర పెంచితే సీసం, క్రోమియం, కాడ్మియం బెడద చవకగా తీరిపోతుందన్న మాట ఈమధ్య తరచూ వినబడుతోంది. మీ గత సంచికలోని వ్యాసమూ అదే ధోరణిలో ఉంది. నేను ఆ మొక్కలకు వ్యతిరేకిని కాను. కాని నాటడం గురించి ఇంత చెప్పేవాళ్లు కోయడం గురించి నోరు మెదపరు. నా అభ్యంతరమల్లా అక్కడే.

హైదరాబాద్ శివారు నెక్నాంపూర్ చెరువులో 2018లో వేసిన తేలే మొక్కల మడిని అందరూ ఉదాహరణగా చూపిస్తారు. అక్కడి ప్రధాన సమస్య ఇళ్ల మురుగు. అందులోని సేంద్రియ పదార్థాన్ని వేళ్లను అంటుకున్న సూక్ష్మజీవులు తినేస్తాయి, నత్రజని కొంత గాలిలో కలిసిపోతుంది. సీసానికి ఆ దారి లేదు. నీళ్లలోంచి పోయిందంటే వేళ్లలోకో బురదలోకో చేరిందనే అర్థం. జమ్ములో లోహం చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పై ఆకులు కోసి లారీకెత్తితే వదిలేది కొంచెమే. ఆ లెక్కన గుర్రపుడెక్క నయం, వేళ్లతో సహా పైకి వస్తుంది. (దాన్ని వదిలించుకోలేక మున్సిపాలిటీలు తలలు పట్టుకోవడం వేరే కథ.) తీసినదాన్ని గట్టు మీదే కుప్ప పోస్తే, వానాకాలానికి కుళ్లి, పట్టిన లోహం మళ్లీ చెరువులోకే జారుతుంది.

నిజానికి ఇందులో మొక్క కన్నా బురద పనే ఎక్కువ. గాలి చొరని బురదలో ఒక రకం బ్యాక్టీరియా సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. ఆ సల్ఫైడుతో కలిసి సీసం, కాడ్మియం కరగని రూపంలో అడుగున పడి ఉంటాయి. అదీ తడి ఉన్నంతవరకే. ఎండి గాలి తగిలితే సల్ఫైడు విడిపోయి లోహం మళ్లీ కరుగుతుంది. మే నెలలో నెర్రెలు బారే మన చెరువుల్లో ఈ పద్ధతి పెడితే, ఏడాదంతా పట్టింది తొలకరి వానకు వదిలేసినట్టే.

ఇంకో సంగతి. హైదరాబాద్ దిగువన మూసీ మురుగుతో పారాగడ్డి ఎన్నో ఏళ్లుగా పండుతోంది. అది నగరంలోని గేదెలకు మేత. ఆ రైతును నేను తప్పుపట్టను, ఆయనకు దొరికే నీళ్లు అవే. అయితే కాల్వ పక్కన పచ్చగా ఏది పెరిగినా ఎవరో ఒకరు పశువుకు కోసుకుపోతారని కొత్తగా నాటేవాళ్లు ముందే అనుకోవాలి కదా!

మరి ఈ మొక్కల చోటు ఏది? చివరి మెట్టు. బాలానగర్ లాంటి వాడల్లో క్రోమ్ పూత వేసే యూనిట్ ముందు తన ఆవరణలోనే విషపూరితమైన ఆరు వేలన్సీ క్రోమియాన్ని మూడు వేలన్సీకి దించి, సున్నంతో అడుగుకు దింపాలి. ఇది పాత పద్ధతే, దీనికి మినహాయింపు ఉండకూడదు. ఆ తర్వాత నీటిలో మిగిలే కొద్దిపాటి లోహం దగ్గరే చిత్తడి మడికి పని. మన నిబంధనల ప్రకారం వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే వ్యర్థజలంలో సీసం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, తాగునీటిలో 0.01 దాటకూడదు. ఈ పదింతల తేడాను తగ్గించడానికి మొక్కల్ని వాడితే నేనూ చప్పట్లు కొడతాను. కాని మడి వాడ లోపలే ఉండాలి, ఎండాకాలంలోనూ తడి ఆరకూడదు. నేలలోకి ఇంకకుండా అడుగున పొర వేయాలి, చుట్టూ కంచె కట్టాలి. కోసిన మొక్కనూ తోడిన బురదనూ ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి దుండిగల్, పరవాడ లాంటి చోట్ల ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు పంపాలి. ఆ ఖర్చు పరిశ్రమదే.

ఇకపై ఇలాంటి మడి దేన్ని ప్రారంభించినా, రిబ్బన్ కత్తిరించే ఫొటోతో పాటు ఏడాది తర్వాత వేళ్లలో, బురదలో ఎంత లోహం తేలిందో, కోసిన సరుకు ఎన్ని టన్నులో, ఏ గేటు దాటి ఎక్కడికి వెళ్లిందో కాలుష్య నియంత్రణ మండళ్లు ప్రకటించాలి. ఆ లెక్కలు మీ పత్రిక కూడా అడిగి వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
ఉప్పల్, హైదరాబాద్