కొరియా డ్రామాలు: ఏది చూడదగినది?



“అయ్యగారూ, కొరియా డ్రామాలు చూడవచ్చా, కూడదా?” యవ్వనస్థుల కూడికలో ఈమధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అచ్యుతాపురం బట్టల కంపెనీలకు బస్సుల్లో వెళ్లే మన ఆడపిల్లల ఫోనుల్లో ఇవే. అనకాపల్లిలో చదువుకునే పిల్లల నోట ఇవే పేర్లు. 2021లో స్క్విడ్ గేమ్ వచ్చి ఊరూరా మారుమోగింది. కొన్ని డ్రామాలు తెలుగు డబ్బింగుతో కూడా దొరుకుతున్నాయి కాబట్టి అమ్మలు కూడా పిల్లల పక్కన చేరుతున్నారు.

ఇవన్నీ లోకసంబంధమైనవే, ఫోను పక్కన పెట్టండి అని ఒక్క మాటతో తేల్చేసే సేవకులు ఉన్నారు. వారి భారం మాకు తెలుసు. అయినా మేము ఆ మాట చెప్పడం లేదు. నిషేధం పెట్టిన ఇంట్లో పిల్లలు చూడడం మానరు, చూసిన సంగతి అమ్మానాన్నలకు చెప్పడం మానేస్తారు. అప్పుడు దుప్పటి కింద ఆ కథ ఒక్కటే వారికి బోధకుడవుతుంది. ఏ డ్రామా కంటే కూడా మేము భయపడేది దానికే. కాబట్టి ఎంచుకోవడం నేర్పుదాం.

పరాయి దేశపు కథలు తెలిసి ఉండడం పాపం కాదు. దానియేలు కల్దీయుల విద్య అంతా నేర్చుకున్నాడు. రాజు భోజనం దగ్గర మాత్రం తన మనసులో ఒక గీత గీసుకున్నాడు. పౌలు ఏథెన్సులో ప్రసంగించినప్పుడు అక్కడి కవుల మాటను ఎత్తి చూపాడు. వినకపోతే ఎలా ఎత్తి చూపగలడు?

పైగా కొరియా మనకు కొత్త చుట్టం కాదు. 1907లో ప్యాంగ్యాంగ్ పట్టణములో గొప్ప ఉజ్జీవం కలిగింది. గిల్ సన్ జూ అనే దైవజనుడు తెల్లవారుజామున ప్రార్థించే అలవాటును అక్కడి సంఘానికి నేర్పాడు. కొరియా విశ్వాసుల ఉపవాస ప్రార్థనల గురించి మన పెద్దలు ఎన్నో కూడికల్లో విన్నారు. ఆ దేశం నుండి మంచి తీసుకోవడం మనకు అలవాటే. ఇప్పుడు వస్తున్న దానిలో మంచి ఏదో చూడాలి.

రంగు చూసి మోసపోవద్దు

బెల్లం సంగతి అనకాపల్లి వారికి వేరే చెప్పనక్కరలేదు. రంగు కోసం హైడ్రోస్ కలిపిన దిమ్మ పసుపుపచ్చగా మెరుస్తుంది, యార్డులో కన్ను ముందు దాని మీదే పడుతుంది. క్రిస్మస్‌కు అరిసెలు వండే తల్లి మాత్రం రంగు కాస్త తక్కువైనా ఫరవాలేదు, మందు కలపనిది ఇమ్మంటుంది. పిల్లలు తినేది కనుక.

కొరియా డ్రామాల మీద తల్లిదండ్రులు సాధారణంగా చెప్పే మంచిమాట, “శుభ్రంగా ఉంటాయండీ” అని. చాలావాటి విషయంలో నిజమే. అసభ్యమైన పాటలు ఉండవు, నాయకుడు నాయిక చేయి పట్టుకోవడానికే ఎన్నో ఎపిసోడ్లు పడతాయి. కానీ ఆ శుభ్రం రంగు మాత్రమే. లోపలి పాకం వేరే చూడాలి.

2009లో వచ్చిన బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్ తీసుకోండి. గొప్పింటి వారసుడు పేదింటి పిల్లను కాలేజీలో కాదు, బడిలోనే అందరి ముందు అవమానిస్తాడు, ఏడిపిస్తాడు. తరువాత దానినే ప్రేమ అంటారు. బట్టలు పద్ధతిగానే ఉంటాయి. పదిహేనేళ్ల పిల్ల దానిలో ఏమి నేర్చుకుంటుంది? అరిచేవాడు, చేయి పట్టి లాగేవాడు లోపల ప్రేమిస్తున్నాడని. మన సంఘములో కొట్టే భర్తల దగ్గర నుండి కన్నీళ్లతో వచ్చే చెల్లెళ్లు ఉన్నారు. ఆ పాఠం మన పిల్లలకు వద్దు.

ది గ్లోరీ ఇంకొక రకం. బడిలో తోటి పిల్లలు ఒక అమ్మాయి ఒంటిని కాల్చి హింసిస్తారు. టీచరు పట్టించుకోడు, కన్నతల్లి డబ్బు తీసుకుని ఊరుకుంటుంది. ఆమె ఏళ్ల తరబడి పథకం వేసి పగ తీర్చుకుంటుంది. పిల్లల బాధను పెద్దలు వినకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి టీచర్లు, తల్లిదండ్రులు దీనిని చూస్తే మేము అడ్డు చెప్పము. కానీ దీనిలోని తీపి పగలో ఉంది. పగ తీర్చుట దేవుని పని అని పౌలు రోమా సంఘానికి వ్రాశాడు. గాయపడిన మనసు ఈ తీపికి అలవాటు పడితే క్షమాపణ చేదుగా తోస్తుంది.

స్క్విడ్ గేమ్‌లో అప్పుల్లో మునిగిన 456 మంది డబ్బు కోసం పిల్లల ఆటలు ఆడతారు, ఓడినవారు చస్తారు. కొరియాలోనే పిల్లలకు కూడదని ముద్ర వేశారు. కాబట్టి పిల్లలకు ససేమిరా వద్దు. పెద్దలకు మాత్రం దానిలో ఒక నిజం ఉంది. రోజువారీ ఫైనాన్సు, లోన్ యాప్ మన వీధుల్లో మనుషులను ఏమి చేస్తున్నాయో మనం చూస్తున్నాము. ఆ ఆటలో ప్రార్థన చేస్తూనే పక్కవాడిని చావుకు నెట్టేవాడు ఒకడున్నాడు. ఒక అమ్మాయి తండ్రి పాస్టరు, ఆయన చేసిన ఘోరాలు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇది సంఘం మీద నింద అని కోపపడేవారు ఉన్నారు. సేవకులముగా మాకు అది అద్దం అనిపిస్తుంది. లోకం మనలో ఏమి చూస్తోందో తెలుసుకోవడం మంచిదే.

మేము చూడమని చెప్పేవి

మొదటిది రిప్లై 1988. సియోల్‌లోని ఒక సందు, ఐదు కుటుంబాలు. ఒక ఇంట్లో వండిన కూర గిన్నె పిల్లల చేతుల మీదుగా ప్రతి ఇంటికీ వెళుతుంది, ఖాళీగా తిరిగి రాదు. ఇది మన వీధే కదా! స్నేహితుడికి హామీ సంతకం పెట్టి చితికిపోయిన తండ్రి ఒకాయన ఉంటాడు. ఆయన రెండో కూతురి పుట్టినరోజు ఎప్పుడూ అక్క కేకుతోనే జరిగిపోతుంది. ఆ పిల్ల ఒకరోజు బద్దలైపోతుంది. తండ్రి ఆమె దగ్గరకు వచ్చి క్షమించమంటాడు. మన ఊళ్లలో బిడ్డను క్షమాపణ అడిగిన తండ్రులు ఎందరు?

రెండవది 2025లో వచ్చిన వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్. జేజు అనే దీవిలో, సముద్రం అడుగుకు మునిగి నత్తలు ఏరే ఒక తల్లి, చదువుకోవాలని ఆశపడిన ఆమె కూతురు, మాట తక్కువైన అల్లుడు. మగవారికి ఒక బల్ల, ఆడవారికి ఒక బల్ల ఉన్న ఇంట్లో ఆ భర్త వెనక్కి తిరిగి భార్య ఉన్న బల్ల దగ్గర తింటాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో భర్తలకు ఇచ్చిన ఆజ్ఞ మీద మేము గంటసేపు చెప్పేది ఆ ఒక్క పనిలో కనిపిస్తుంది. పూడిమడక, రాంబిల్లి వైపు వేటకు వెళ్లే కుటుంబాలవారు దీనిని తప్పక చూడాలి. బిడ్డను పోగొట్టుకున్నవారు మాత్రం ఎవరినైనా తోడు పెట్టుకుని చూడండి.

మూడవది 2022 నాటి ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ. ఆటిజం ఉన్న ఒక అమ్మాయి లాయరు అవుతుంది. అలాంటి పిల్లలను చూసి ఏ పాపమో అని గొణిగే నోళ్లు విశ్వాసుల మధ్య కూడా ఉన్నాయి. పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు అదే అడిగితే ప్రభువు ఒప్పుకోలేదు.

ఎపిసోడ్ అయ్యాక అడగవలసినవి

1. ఇది చూశాక నాకు ఏది కావాలనిపించింది? అది మంచిదేనా?

2. ఇంట్లో ఉన్న మనుషులు ఇంకా ప్రియంగా కనిపిస్తున్నారా, చులకనగా కనిపిస్తున్నారా? డ్రామా హీరోతో పోల్చి భర్తను, డబ్బుతో పోల్చి నాన్నను తక్కువ చేసే కథ ఎంత అందమైనదైనా ఆపేయండి.

3. ఇది నా దగ్గర ఏమి తీసుకుంది? పదహారు ఎపిసోడ్లు, ఒక్కొక్కటి డెబ్బై నిమిషాలైతే పద్దెనిమిది గంటలు దాటుతుంది. మార్కు సువార్త బిగ్గరగా చదవడానికి సుమారు గంటన్నర. అంటే పన్నెండు సార్లు చదివే కాలం. తెల్లవారి షిఫ్టు ఉన్న బిడ్డ రాత్రి రెండు దాకా చూస్తే మిషను ముందు ఆ వేళ్లకు ప్రమాదం.

ఇంకొక సంగతి. మంచి డ్రామాల్లో సైతం ఆకుపచ్చ సీసా కనిపిస్తూనే ఉంటుంది. బాధ వస్తే తాగుతారు, సంతోషం వస్తే తాగుతారు, తెల్లారేసరికి వేడి పులుసుతో అంతా సర్దుకుంటుంది. మన ఊళ్లలో తాగుడు పులుసుతో సర్దుకోదు. ఆ సన్నివేశం వచ్చినప్పుడు అమ్మలు పక్కన ఉంటే ఒక్క మాట చాలు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఫోను లాక్కోకముందు పక్కన కూర్చోండి. శనివారం రాత్రి ఒక ఎపిసోడ్, పెద్ద తెర మీద, అందరూ కలిసి. అర్థం కాకపోతే పిల్లలను అడగండి, వారు సంతోషంగా చెబుతారు. యవ్వనస్థులారా, అమ్మానాన్నల ముందు తలుపు తెరిచి చూడలేనిది ఎందుకు చూడలేకపోతున్నారో మిమ్మల్ని మీరే అడగండి.

సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనే వివేకమును ప్రభువు మన ఇళ్లన్నిటికీ దయచేయును గాక. ఆమేన్.