నుదురు చెప్పే గుట్టు

పొద్దున్నే పళ్లు తోముకుని నీళ్లు పుక్కిలిస్తుంటే ఒకపక్క నుంచి కారిపోతుంటాయి. అద్దంలో చూసుకుంటే మూతి వంకరపోయి ఉంటుంది. ఒక కన్ను మూతపడదు. ఇంట్లో అందరికీ ముందుగా వచ్చే అనుమానం ఒక్కటే... పక్షవాతం!

అది నిజమే కావచ్చు. కానీ కొందరిలో మెదడు బాగానే ఉంటుంది, ముఖానికి వెళ్లే ఒక్క నరమే దెబ్బతింటుంది. దీన్నే 'బెల్స్ పాల్సీ' అంటారు. 1821లో ముఖ నరాల గురించి వివరించిన స్కాట్లండ్ సర్జన్ చార్లెస్ బెల్ పేరు మీదుగా వచ్చిన పేరిది.

మనకు కపాల నాడులు 12 జతలు. చూపు, వాసన, వినికిడి, మింగటం... ఇలా ఒక్కోదానికి ఒక్కో పని. వీటిలో ఏడోది ముఖ నాడి. నవ్వినా, కనుబొమలు ఎగరేసినా, కళ్లు మూసినా దాని చలవే. నాలుక ముందు భాగానికి రుచి తెలియటానికీ, కన్నీరు, లాలాజలం ఊరటానికీ ఇదే ఆధారం. ఇది చెవి వెనక ఎముకలోని సన్నటి సొరంగంలోంచి బయటకు వస్తుంది. వాపు వస్తే అక్కడే నలిగిపోతుంది. వైరస్‌ల ప్రభావం వల్ల ఇలా జరుగుతుందని భావిస్తున్నారు. మధుమేహం ఉన్నవారిలో, గర్భిణుల్లో ముప్పు ఎక్కువ. బుగ్గ మీద స్పర్శ, నమిలే శక్తి ఐదో నాడి చూసుకుంటుంది కాబట్టి అవి పోవు.

మరి పక్షవాతానికీ, దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? వైద్యులు ముందుగా 'కనుబొమలు పైకెత్తండి' అంటారు. నుదుటి కండరాలకు మెదడులోని రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకే పక్షవాతంలో మెదడు ఒకవైపు దెబ్బతిన్నా సాధారణంగా నుదురు ముడతపడుతుంది. బెల్స్ పాల్సీలో నరమే దెబ్బతింటుంది కాబట్టి ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోతుంది.

అయితే ఈ పరీక్ష చేసుకుని ఇంట్లోనే తేల్చేసుకోవటం ప్రమాదం. కొన్ని రకాల పక్షవాతాల్లోనూ నుదురు కదలకపోవచ్చు. చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మాట ముద్దగా వస్తున్నా క్షణం ఆలస్యం చేయకూడదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

బెల్స్ పాల్సీ అని తేలినా నిర్లక్ష్యం పనికిరాదు. 72 గంటల్లోపు స్టిరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. మధుమేహం ఉంటే ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పాలి. మూతపడని కన్ను పొడిబారి పుండు పడొచ్చు. పగలు చుక్కల మందు వేసుకోవాలి, రాత్రి వైద్యులు చెప్పినట్టు రెప్ప మూసి టేపు అంటించుకోవాలి. చాలామందిలో కొద్ది వారాల నుంచి కొద్ది నెలల్లో ముఖం మళ్లీ మామూలవుతుంది.

'గాలి సోకింది' అనుకుంటూ పసర్లు పూసుకుని కూర్చుంటే చేజారిపోయేది ఆ మొదటి మూడు రోజులే!