యుద్ధచిత్రంలో యుద్ధమేది?

యుద్ధచిత్రమంటే తుపాకులు మోగాలి, శత్రువు ఓడాలి, మనవాడు జెండా ఎత్తాలి. టిక్కెట్టు కొన్నవాడు అంతమాత్రం ఆశించడం తప్పు కాదు. కాని కొన్ని చిత్రాలు ఈ లెక్కకు లొంగవు. వాటిని చూచినవారు రెండు పక్షాలుగా చీలి వాదులాడుకుంటారు. 2015 అక్టోబరులో విడుదలైన 'కంచె' ఆ కోవలోనిది. ఆ మధ్య రాయచెర్లులో నలుగురితో కూర్చుని దానిని మరల చూశాము. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం సగంలో లేచి, "యుద్ధం ఎప్పుడు చూపిస్తారప్పా?" అని అడిగి వెళ్లిపోయారు.

ఆయన ప్రశ్న తోసివేయదగినది కాదు. క్రిష్ అనే జాగర్లమూడి రాధాకృష్ణ తీసిన ఈ చిత్రం 1944 నాటి ఇటలీ రణరంగం నుంచి పదే పదే తెలుగు పల్లెకు మరలివస్తుంది. ఆ పల్లెకు చెందిన హరిబాబు, సీత ప్రేమించుకున్నారు. కులం అడ్డు వచ్చింది. ఊరి నడుమ కంచె లేచింది. సీత అన్న ఈశ్వర్, హరిబాబు ఒకే సైన్యంలో ఉన్నారు. శత్రువుకు చిక్కిన ఈశ్వర్‌ను విడిపించడానికి బయలుదేరేది ఆ హరిబాబే. పోరు వేడెక్కిందనుకునే సరికి కథ ఊరికి మళ్లుతుంది. విసుగంతా అక్కడే.

మాకు తోచేదేమంటే, ఆ రాకపోకలే చిత్రానికి ప్రాణం. దేశాలను చీల్చే కంచె, వీధులను చీల్చే కంచె ఒకటేనని మనసుకు పట్టించాలంటే తొందర పనికిరాదు. అలాగని లోపమే లేదనము. కొన్నిచోట్ల పాత్రలు నీతిని నోరారా చెప్పేస్తాయి; అక్కడ మౌనమే ఎక్కువ పనిచేసేది. ఏమైనా ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా దీనికి జాతీయ పురస్కారం దక్కింది.

ఈ తగవు మన ఇళ్లకే పరిమితం కాదు. 1998లో టెరెన్స్ మాలిక్ అనే అమెరికను దర్శకుడు 'ది థిన్ రెడ్ లైన్' తీశాడు. గ్వాడల్‌కెనాల్ దీవిలో పోరు జరుగుతుంటే ఆయన గడ్డి ఊగడం చూపుతాడు, సిపాయిల మనసులో మాటలు వినిపిస్తాడు. కొందరికి అది ధ్యానం, కొందరికి నిద్ర. ఆస్కారుకు ఏడు విభాగాలలో పోటీపడి ఒక్కటీ గెలవలేదు. బెర్లినులో మాత్రం 1999లో అగ్రబహుమతి అందుకుంది. అదే ఏడు వచ్చిన స్పీల్‌బర్గ్ యుద్ధచిత్రం 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' అయిదు ఆస్కారులు గెలిచింది.

ఇక మన సంగతి. రెండవ ప్రపంచయుద్ధంలో భారత సైన్యం సుమారు 25 లక్షలకు పెరిగింది. ఇటలీలో కసీనో వద్ద మనవారి సమాధులు నేటికీ ఉన్నాయి. కాని ఆ యుద్ధాన్ని తెలుగు తెర తలచుకున్నది బహు తక్కువ. వెళ్లి తిరిగి వచ్చిన పెద్దలు సైతం ఇంట్లో దాని గురించి అంతగా చెప్పేవారు కారు. పిల్లలు అడిగితే ఏదో నవ్వుమాట చెప్పి తప్పించుకునేవారు. ఆ మౌనం ఎలాంటిదో మెల్లగా నడిచే చిత్రమే కాస్త చూపగలదు. గెలుపు చూపించే చిత్రానికి దానితో పని లేదు.

కంచె అంటే ఏమిటో రాయచెర్లు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. మూడువైపులా ఆంధ్ర, ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. ఊరి చుట్టూ సౌరవిద్యుత్తుకు కౌలుకిచ్చిన పొలాలకు వేసిన కంచెలు వేరే. వీటన్నిటి నడుమా రాకపోకలు సాగించడం మనకు అలవాటే. మనలోని కులపు కంచెను మాత్రం ఎవరో పైనుంచి వేయలేదు. దానిని తీయడం మన చేతిలోనే ఉంది.

కనుక విసుగుతో లేచిపోయిన పెద్దాయనకు మా మనవి: ఈసారి చివరిదాకా కూర్చోండి. నచ్చకపోతే నచ్చలేదనే అనండి. మీ ఇంటనుంచి సైన్యానికి వెళ్లినవారెవరైనా ఉంటే, ఆ పాత ట్రంకుపెట్టె దించి, అందులోని కాగితాలు పిల్లలచేత చదివించండి.