పులి అంటే నవ్వేయొద్దు

ఊరి వాట్సాప్ గ్రూపులో ‘పొలాల్లో పులి’ అని ఓ ఫొటో పడితే చాలు, చీకటి పడ్డాక మోటారు దగ్గరికి వెళ్లే మనిషి ఉండడు. చాలాసార్లు అది ఎక్కడిదో పాత వీడియో. ఒక్కోసారి హైనా, ఒక్కోసారి అడవిపిల్లి.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పశువుల్ని ఏదో చంపుతోందని రైతులు మొత్తుకున్నారు. అటవీ శాఖ కెమెరాలు పెడితే చిక్కింది పెద్దపులి బొమ్మే. బోన్లకు మాత్రం చిక్కకుండా అది అనకాపల్లి వైపు సాగిపోయింది. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో కనిపించిన చిరుత, ఆనక కడియం నర్సరీల్లో తేలింది.

ఆసిఫాబాద్ జిల్లాది మరీ చేదు అనుభవం. మహారాష్ట్ర తాడోబా అడవుల వైపు నుంచి ప్రాణహిత నది దాటి వచ్చే పులులకు ఏపుగా ఎదిగిన పత్తిచేలు మంచి మరుగు. ఆ చేలలోనే మనుషులు వంగి పత్తి ఏరాలి. 2020 నవంబరులో ఇద్దరు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరుతున్న యువతి పులికి బలయ్యారు.

పాదముద్ర చూస్తే సగం అనుమానం తీరుతుంది. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కుక్కకూ హైనాకూ గోటి గుర్తు పడుతుంది. ఈపాటి పరిశీలనకు బీట్ ఆఫీసర్ అదే రోజు రావాలి. పులి ఉందో లేదో పంచాయతీ మైకులో చెప్పించాలి. ‘పరిశీలిస్తున్నాం’ అంటూ వారం నాన్చితే పుకారుకు కాళ్లొస్తాయి, మరి!

రైతులు కూడా ముద్ర చెరిగిపోకుండా దానిపై తట్ట బోర్లించి, ఫొటోను గ్రూపులకన్నా ముందు అటవీ సిబ్బందికి పంపాలి.