తిరగేసిన స్వర్గం

ఇంగ్లిషులో స్వర్గాన్ని ‘హెవెన్’ అంటారు. ఆ అక్షరాలను వెనక నుంచి చదివితే ‘నెవేయా’. 1999లో అమెరికా మొత్తం మీద ఆ పేరుతో నమోదైన ఆడశిశువులు 8 మంది. మరుసటి ఏడాది పీఓడీ అనే రాక్ బృందం గాయకుడు సానీ శాండోవాల్ ఎంటీవీలో తన పసికూతుర్ని చూపించి, పేరు నెవేయా అని చెప్పి, ఆ తిరకాసు విప్పాడు. 2000లో 86 మంది నెవేయాలు పుట్టారు. 2001లో 1,191. 2005లో 4,457. 2010కల్లా ఆడపిల్లల పేర్లలో అది 25వ స్థానానికి ఎక్కి కూర్చుంది.

ఈ లెక్కలు అక్కడి సోషల్ సెక్యూరిటీ శాఖవి. పుట్టిన బిడ్డ కార్డు కోసం దరఖాస్తులో ఏ పేరు రాస్తే అదే లెక్క. ఏడాదిలో కనీసం ఐదుగురికైనా లేని పేరును జాబితాలో వేయరు. నిజంగా ఎవరికీ లేని పేరు పెట్టుకున్న పిల్ల ఆ జాబితాలో కనబడదన్నమాట!

మాడిసన్ కథా ఇంతే. 1984 నాటి ‘స్ప్లాష్’ సినిమాలో మత్స్యకన్య న్యూయార్క్ వీధి బోర్డు చూసి ఆ పేరు పెట్టుకుంటుంది. అదీ ఒక పేరేనా అన్నట్టు నడిచే హాస్యం అది. 2001 వచ్చేసరికి అదే పేరు దేశంలో రెండో స్థానంలో ఉంది. జోకు మరిచిపోయారు, పేరు మిగిలింది.

ఈ పేర్లు పెట్టిన తల్లిదండ్రులంతా ఒకరిని చూసి ఒకరు పెట్టారనుకుంటే పొరపాటు. ఎవరికీ లేని పేరు కావాలనే వాళ్లలో చాలామంది వెతికి ఉంటారు. మన ఇళ్లలో మాత్రం? నక్షత్ర పాదాన్ని బట్టి పంతులుగారు అక్షరం చెబుతారు. దాంతో పేరు దొరకాలి. చుట్టాల్లో ఎవరికీ ఉండకూడదు. రెండు మూడక్షరాల్లో తేలాలి. రేపు పిల్ల పైదేశం వెళ్తే అక్కడివాళ్లకు నోరు తిరగాలి. అర్ధరాత్రి దాకా ఫోన్లో గాలించి పట్టుకున్న పేరును బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద బంగారు ఉంగరంతో రాస్తారు. మూడేళ్లకు నర్సరీలో చేర్పిస్తే, ఆ గదిలో అప్పటికే ఇద్దరు ఆద్యలు! హాజరు పట్టీలో పిల్ల ‘కె. ఆద్య’ అవుతుంది.

వెనకటి వాళ్లకు ఈ బెంగ లేదు. ఊళ్లో నలుగురు సుబ్బమ్మలుంటే పొడుగు సుబ్బమ్మ, రేవుకాడి సుబ్బమ్మ అని ఊరే విడదీసి పిలుచుకునేది. మనవరాలికి నాయనమ్మ పేరు పెడితే వచ్చే చిక్కు వేరు. అత్తగారి పేరు కోడలి నోట రాకూడదు. ఆ పేరుతో పిల్లను కసరడం అసలే కుదరదు. అందుకని బడిలో మహాలక్ష్మి, ఇంట్లో బుజ్జి. పిల్లలు దక్కని ఇంట్లో అయితే పుట్టినదాన్ని పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తీసి, పెంటమ్మ అనేవారు. పిల్ల ఎవరి కంటా పడకుండా బతికి బట్టకట్టాలన్నదే ఆ తల్లి ఆరాటం. ఇవాళ్టి తల్లి తన బిడ్డ నలుగురి కంటా పడాలనుకుంటోంది. బిడ్డలు పుట్టిందే తడవు పోతారన్న భయం తగ్గినందుకే ఈ ముచ్చట తీరుతోంది. కాబట్టి పేర్ల వేటను మరీ ఎగతాళి చేయబుద్ధి కాదు.

2001 నాటి నెవేయాలు ఇప్పుడు తల్లులయ్యే వయసుకు వచ్చారు. అడిగిన ప్రతివాళ్లకూ స్పెల్లింగు చెప్పీ చెప్పీ విసిగి, తమ పిల్లలకు తేలికైన పేరేదో చూసుకుంటారేమో. అమెరికాలో ముత్తవ్వల నాటి హేజెల్, ఎవలిన్ మళ్లీ ఉయ్యాలల్లోకి వచ్చాయి. మన దగ్గర సుబ్బలక్ష్మి, మంగతాయారు ఇంకా వరసలోనే నిలబడి ఉన్నారు. ప్రత్యేకమైన పేరే కావాలంటే ఇంతకన్నా అదను దొరకదు. తరగతిలో ఇంకో మంగతాయారు ఉండదని హామీ ఇవ్వొచ్చు, కనీసం ఓ ఐదేళ్లపాటు.