సూదులు పట్టుకోవడానికి సర్టిఫికెట్ కావాలా?

“ఎవరి దగ్గర నేర్చుకున్యావక్కా?”

చేతిలో రెండు సూదులు, ఒళ్ళో ఒక ఊలు ఉండ కనబడితే చాలు, మా హొళగుందలో ఆడవాళ్ళు అడిగే మొదటి మాట ఇదే. ఎవరి దగ్గరా కాదు, నేనే నేర్చుకున్నానంటే నమ్మరు. నమ్మినా “ఓ, అట్లనా” అని ఒక సాగదీత ఉంటుంది చూశారూ, నా కోపమంతా దాని మీదే. జొన్నరొట్టె తట్టడం ఏ కోర్సులో చేరి నేర్చుకున్నావని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి ఎక్కడ శిక్షణ తీసుకున్నావని అడగలేదు. ఇంటికి అవసరమైన పనైతే ఆడదానికి పుట్టుకతోనే వచ్చినట్టు లెక్క. తన ఇష్టం కోసం ఏదైనా మొదలుపెడితే మాత్రం గురువు కావాలి, ఫీజు కట్టిన రసీదు కావాలి, గోడకు తగిలించడానికి సర్టిఫికెట్ కావాలి. ఈ తేడా ఎవరు పెట్టారు?

ముందు ఇంకో ఎగతాళికి జవాబు చెప్పాలి. “ఈ ఎండల్లో ఊలేంది?” అని నవ్వుతారు. మాది వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊరే, కాదనను. కానీ ధనుర్మాసంలో చీకటితో లేచి వాకిట్లో కల్లాపి చల్లేవాళ్ళకు మా చలి సంగతి తెలుసు. పైగా ఉన్ని ఈ నేలకు కొత్తదా? దక్కన్ గొర్రెల బొచ్చుతో నేసిన గొంగడి మన తాతలది కాదా? ఆడవాళ్ళు కదురు మీద వడికేవారు, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేసేవారు. నేసేముందు పోగుకు చింతగింజల గంజి పట్టించేవారు. గంజి పల్చనైతే పోగు నిలవదు, చిక్కనైతే పెళుసవుతుంది. ఎంత చిక్కన ఉండాలో ఏ బోర్డు మీద రాసి చెప్పారు? అవతల ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం రాకముందు నుంచీ అక్కడ మగ్గాలున్నాయి. పిల్లలు కండెలు చుడుతూ, అమ్మ చేతిని నాన్న కాలిని చూస్తూ నేతగాళ్ళయ్యారు. వాళ్ళది నేర్పు. నేను ఫోను చూసి నేర్చుకుంటే మాత్రం కాలక్షేపం!

మీరనొచ్చు, వాళ్ళకు పక్కన అమ్మానాన్నలున్నారు కదా, నీకెవరున్నారు అని. మంచి ప్రశ్న. అందుకే చెబుతున్నాను, అన్ని పనులూ ఒకటి కాదు. టైలరింగ్‌కు మనిషి పక్కనుంటేనే మేలు. కత్తెర ఒక్కసారి పక్కకు పోతే మీటరు గుడ్డ పోయినట్టే. పచ్చడిలో ఉప్పెక్కువైతే వెనక్కు తీయలేం. అల్లిక అట్లా కాదు. నచ్చకపోతే సూది లాగేసి కొస పట్టుకుని గుంజండి, విప్పితే మళ్ళీ దారమే. పదిసార్లు అల్లి పదిసార్లు విప్పినా పోయేది ఏమీ లేదు. విప్పిన ఊలు వంకరలు తిరిగి ఉంటుంది, అంతే. చిలపలాగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కింద కొంచెం బరువు కట్టి నీడన ఆరేస్తే చక్కబడుతుంది. ఇంత క్షమించే పని ఇంట్లో మనం చేసేవాటిలో ఇంకోటి చూపించండి! సొంతంగా నేర్చుకోవడానికి దీనికంటే అనువైనది నాకు కనబడలేదు. దీనికి కూడా క్లాసు లేకపోతే కుదరదంటే, ఇక దేనికి కుదురుతుంది?

నేను మొదలుపెట్టింది 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో. ఏ క్లాసూ తెరిచి లేదు కాబట్టి అడిగేవాళ్ళూ లేరు. తెలుగులో క్రోషా వీడియోలు కొన్ని దొరికాయి గానీ రెండు సూదుల అల్లికకు ఉత్తరాది అక్కయ్యలే దిక్కయ్యారు. వాళ్ళు కుట్టును ఫందా అంటారు. సీధా, ఉల్టా అనే రెండు మాటలు వస్తే సగం భాష వచ్చినట్టే, ఎందుకంటే అల్లికంతా ఆ రెండే. అసలు చూస్తే రెండు కూడా కాదు. సీధా కుట్టు ఎదురుగా సన్నటి లోయలా కనబడుతుంది, దాని వీపే ఉల్టా, చిన్న బుడిపెలా ఉంటుంది. ఒకే కుట్టుకు ముందూ వెనకా. ఇది ఎవరో చెబితే మాట, మన కంటికి తట్టిన రోజు మాత్రం పండగ. ఆ రోజు నుంచి వీడియో అక్కర్లేదు, సూది మీదున్న గుడ్డే చెబుతుంది తర్వాత ఏం చేయాలో.

మా మరిది ఒకసారి నవ్వుతూ “ఏకలవ్యుడి మాదిరి ఉండావు వదినా” అన్నాడు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, ఊరుకుంటానా? ఆదిపర్వంలో ఆ అబ్బాయి ఒంటరిగా నేర్చుకున్నది నిజమే గానీ, ద్రోణుడి మట్టిబొమ్మను ముందు పెట్టుకున్నాడు. బొమ్మ ఉంది కాబట్టే దక్షిణ అడగడానికి ఒకరొచ్చారు. నాకు బొమ్మ లేదు నాయనా, నా బొటనవేలు నా దగ్గరే ఉంది, ఊలు పట్టుకోవడానికి కావాలి అన్నాను.

క్లాసులకు పోయేవాళ్ళను తప్పుపట్టడం లేదు. క్లాసులో ఏం దొరుకుతుందో మాత్రం చూడండి. నాకు తెలిసిన ఒకామె పట్నంలో మూడు నెలలు పోయి ఒక బేబీ సెట్ అల్లుకొచ్చింది. ముచ్చటగా ఉంది. కానీ అదే కొలత తప్ప ఇంకోటి రాదు. ఎన్ని కుట్లు ఎక్కించాలో టీచరమ్మ చెప్పింది, ఈమె ఎక్కించింది. ఎందుకు అన్నని అని అడిగే వేళ అక్కడ లేదు. ఇంట్లో కూర్చున్నదానికి వేరే దారి లేక లెక్క తెలుసుకోవాల్సి వస్తుంది. అరచేయంత ముక్క అల్లి, స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో ఎంచాలి. ఐదు వస్తే, పదహారు అంగుళాల తలకు ఎనభై. సాగుతుంది కాబట్టి నాలుగైదు తగ్గించినా పరవాలేదు. ఇంతే లెక్క. మా ఇంట్లో కుల్లాయిలన్నీ ఈ లెక్కతో పుట్టినవే.

ఇంకో బెదిరింపు ఉంది: “చెయ్యి అట్ల పట్టకూడదు.” ఎట్లా పట్టాలి మరి? కొందరు ఊలును కుడిచేత్తో సూది చుట్టూ తిప్పుతారు, కొందరు ఎడమచేతి వేలి మీద నుంచి లాగుతారు. పోర్చుగల్‌లో మెడ చుట్టూ వేసుకుని అల్లేవాళ్ళున్నారు. పెరూ దేశంలో టకీలే అనే దీవి ఉంది, అక్కడ మగపిల్లలు చిన్నతనం నుంచే టోపీలు అల్లడం నేర్చుకుంటారు. (మా ఇంట్లో మగవాళ్ళకు ఈ సంగతి చదివి వినిపించాను, ఎవరూ తల ఎత్తలేదు.) గుడ్డ సరిగ్గా వస్తే పట్టు సరైనదే.

మా వీధిలో ఒకామె ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోయొస్తుంది. సంతకం తప్ప రాత రాదు. పోయిన ఏడాది నాలుగు సాయంత్రాలు నా పక్కన కూర్చుని, ఒక్క మాట అడక్కుండా చూసి, ఐదో రోజు సూదులు తీసుకుంది. కుట్లు ఎంచడానికి వేళ్ళ కణుపులు వాడింది. అల్లిక నాకంటే సమంగా వచ్చింది. పత్తి తీసిన వేళ్ళు కదా. నెల తిరక్కుండానే మళ్ళీ వలస, సూదులు అటక మీద. ఆమెను ఆపింది క్లాసు లేకపోవడమా, తీరిక లేకపోవడమా? మనకు కావలసింది గురువులని ఎవరైనా అంటే నాకు ఆమె గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. నేను ఇట్లా రాస్తే కొందరు మగవాళ్ళకు, ఇంకొందరు అత్తగార్లకు మహా సంతోషం. “చూసినావా, ఇంట్లోనే నేర్చుకోవచ్చంట, ఆదోనికి బస్సెక్కి పోవడం ఎందుకు?” అంటారు. నా మాటను అట్లా వాడుకోవద్దు. బతుకుతెరువు కోసం నర్సింగో కంప్యూటరో టైలరింగో నేర్చుకుంటానన్న పిల్లను బస్సెక్కించండి, ఫీజు కట్టండి, సర్టిఫికెట్ తెచ్చుకోనివ్వండి. ఆ కాగితం ఆమెకు ఉద్యోగం ఇస్తుంది. ఊలు అల్లికకు ఆ కాగితం ఇచ్చేది ఏమీ లేదు. అనుమతి దొరకలేదని ఇంట్లో నేర్చుకోవడం వేరు, అనుమతి అడగాల్సిన పనే కాదని నేర్చుకోవడం వేరు. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

“సరే, అమ్ముతావా?” ఇది చివరి ప్రశ్న, ఎప్పుడూ వస్తుంది. అమ్మితేనే విలువ అన్నట్టు. నరసాపురం లేసు గురించి వినే ఉంటారు. మిషనరీలు తెచ్చిన క్రోషా పని గోదావరి పల్లెల్లో తల్లి నుంచి కూతురికి ఇళ్ళలోనే దిగింది, విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే ఆవిడ ఆ ఆడవాళ్ళ మీద పుస్తకం రాసింది, 1982లో వచ్చింది. రోజంతా వేళ్ళు అరిగేలా అల్లుతున్నా, ‘ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్ళు తీరిక వేళలో చేసే పని’ అనే పేరు పెట్టి కూలి ఎంత తక్కువ ఇచ్చారో, లాభం ఎవరికి పోయిందో అందులో చూపించింది. అంటే అమ్మినా మనది కాలక్షేపమే, అమ్మకపోయినా కాలక్షేపమే. అలాంటప్పుడు నా తీరికను నేనెందుకు అంగట్లో పెట్టాలి? ఒకరికి ఇవ్వాలనిపిస్తే ఇస్తాను. లేదంటే విప్పి మళ్ళీ అల్లుకుంటాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు లేత రంగు ఊలు కొనండి, నలుపు, ముదురు నీలం వద్దు, రాత్రి దీపం కింద కుట్లు కనబడవు. సూదులు ఎనిమిదో నంబరు తీసుకోండి. మన దగ్గర అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది, అంగట్లో తికమక పడొద్దు. ఇరవై కుట్లతో మొదలుపెట్టి ప్రతి వరుస చివరా ఎంచండి. అంచు దగ్గర ఊలు సూది మీదుగా వెనక్కు పోతే మొదటి కుట్టు రెండుగా కనబడుతుంది, రెండూ అల్లేస్తే ఇరవై కాస్తా ఇరవై ఐదవుతుంది. కుట్టు జారితే భయపడొద్దు. అది నిచ్చెనలా కిందికి విడిపోతుంది, క్రోషా సూదితో ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ రావచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, పక్కన కూర్చోమని ఇంకో జత సూదులు చేతికివ్వండి.