పుస్తకం చేరని ఇంటికి రచయిత గొంతు

తెలుగులో ముస్లిం జీవితాన్ని రాసినవారు లేరని ఈనాడు ఎవరూ అనలేరు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వెలువడింది. స్కైబాబ సంపాదకత్వంలో 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చాయి. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, షాజహానా ‘నఖాబ్’ పాఠకుల మన్నన పొందాయి. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. విమర్శకులు వ్యాసాలు రాశారు, సభలు జరిగాయి. అయితే ఈ పుస్తకాలు ఎవరి బతుకును చిత్రించాయో, వారి ఇళ్లలోని అలమరలలో ఇవి ఎన్ని కనిపిస్తాయి?

దోషం పాఠకులదే అనడం తొందరపాటు. 2001 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యత 64.8 శాతం ఉండగా ముస్లింలలో అది 59.1 శాతమేనని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూపింది. ఆనాడు బడికి దూరమైనవారే నేడు మన ఇళ్లలో పెద్దలు. దీనికి భాష చిక్కు తోడయింది. చాలా కుటుంబాలలో అమ్మీ ఉర్దూ మాట్లాడుతుంది గాని ఆ లిపి చదవలేదు. తెలుగు బాగా అర్థమవుతుంది గాని తెలుగు పుస్తకం చేతబట్టే అలవాటు లేదు. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదివి రెండు లిపులకూ దూరమవుతున్నారు. కన్ను దగ్గర మూసుకుపోయిన ఈ దారి చెవి దగ్గర మాత్రం తెరిచే ఉంది.

అందుకే సాహిత్య పాడ్‌కాస్టులను నేను కాలక్షేపంగా చూడను. ‘హర్షణీయం’ వంటి తెలుగు పాడ్‌కాస్టులు కథలు వినిపిస్తూ, రచయితలను కూర్చోబెట్టి వారి పుస్తకాల గురించి మాట్లాడిస్తున్నాయి. ‘దాసుభాషితం’ తెలుగు పుస్తకాలను శ్రవణ రూపంలో అందిస్తోంది. కుట్టుమిషను ముందు కూర్చున్న చెల్లెలు, ఆటో నడిపే తమ్ముడు, కళ్లు మసకబారిన నానీమా – పని మానుకోకుండా, అక్షరం వెతుక్కోకుండా వినగలరు. చేతిలోని ఫోనుకు అప్పుడొక మంచి ఉపయోగం దొరుకుతుంది.

ముస్లిం రచయితల విషయంలో గొంతుకు మరొక విలువ ఉంది. ‘గజల్’ అని తెలుగులో రాస్తాం. ఆ మాటలోని మొదటి ధ్వనికి గాని, నడిమి ధ్వనికి గాని తెలుగు లిపిలో సరైన అక్షరం లేదు. రచయిత నోట విన్నప్పుడు ఆ మాట మన ఇంటి మాటగా తిరిగివస్తుంది. కావలి ముస్లింల నెల్లూరు యాస, కడప పల్లెల మాట తీరు, నల్లగొండ ఇళ్లలో తెలుగూ ఉర్దూ కలగలిసిన సంభాషణ – వీటిని అచ్చు సగమే పట్టుకుంటుంది. మిగిలిన సగం గొంతులో ఉంది.

అయితే ఆ గొంతును ఏ ప్రశ్న అడుగుతున్నామన్నది కూడా ముఖ్యమే. ముస్లిం రచయిత సభకు వస్తే బురఖా గురించి, తలాక్ గురించి, ఉగ్రవాదం గురించి అడిగే అలవాటు మన సాహిత్య లోకంలో పాతదే. కథ ఎలా మొదలైంది, ఆ పాత్ర ఎక్కడ దొరికింది, ఏ వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దారు అని ఇతరులను అడిగినట్లు మనవారిని అడగరు. సాక్షిని బోనులో నిలబెట్టినట్లుండే ఆ సంభాషణ రచయితకు గౌరవం కాదు. కళాకారుడిని కళాకారుడిగా పలకరించడం కూడా సమాన హక్కులో భాగమే. ఆ ప్రశ్నలను ఇతరులు అడగనప్పుడు మన యువతీయువకులే అడగాలి.

బుర్రకథ పితామహుడు షేక్ నాజర్‌ను తలుచుకోండి. లక్షల మందిని ఉర్రూతలూగించిన ఆయన, తన జీవితాన్ని చెప్పగా మరొకరు అక్షరబద్ధం చేయడం వల్ల ‘పింజారి’ అనే పుస్తకం మనకు మిగిలింది. అడిగి, ఓపికగా విని, రాసిపెట్టినవారు ఒకరున్నారు కనుక ఆ బతుకు నిలిచింది. అటువంటివారు దొరకని ఎందరి అనుభవాలు వారితోనే మట్టిలో కలిసిపోయాయో! నమోదు కాని మాట చెప్పని మాటతో సమానమని ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. సాహిత్యానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

వినడం అలవాటైతే చదవడం మానేస్తారని కొందరు పెద్దలు శంకిస్తారు. చదివే ఇంట్లో ఆ భయానికి అర్థముంది. పుస్తకమే లేని ఇంట్లో పోయేదేమిటి? ముషాయిరాలో విన్న షేరు కోసం దీవాన్ వెతుక్కున్న తరాలు మనకు ఉన్నాయి. బాగా విన్న చెవి ఒకనాడు పుస్తకం అడుగుతుంది. కథలూ కవితలూ వ్యర్థమన్నవారికి ఒకటే మనవి: మన కథ మనం చెప్పుకోకపోతే దానిని ఇతరులు చెబుతారు, తమకు తోచినట్లు చెబుతారు.

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి జిల్లాలో ఇద్దరు ముగ్గురు యువకులు, అందులో తప్పనిసరిగా ఒక యువతి, తమ ప్రాంతపు రచయితను కలవాలి. ముందుగా పుస్తకం చదివి వెళ్లాలి. అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. నిశ్శబ్దమైన గదిలో, ఫోనుతోనే, గంటసేపు మాట్లాడించాలి. పుస్తకం పేరు, వెలువడిన సంవత్సరం, దొరికే చోటు చివర స్పష్టంగా చెప్పాలి. ఉర్దూలో మాట్లాడే పెద్ద కవులను ఉర్దూలోనే మాట్లాడనిచ్చి, తెలుగు సారాంశం జతచేయాలి. వినలేనివారి కోసం సంభాషణను రాసి ఉంచాలి. వేదికలు మూతపడితే రికార్డులు మాయమవుతాయి కనుక ఒక ప్రతిని ఊరి గ్రంథాలయంలోనో, కళాశాలలోనో భద్రపరచాలి. వయసు మీరిన రచయితలతో మొదలుపెట్టాలి. వారి విషయంలో వాయిదాకు తావు లేదు.

సంఘాలు, కమిటీలు తమ వార్షిక కార్యక్రమాలలో దీనికొక పూట కేటాయించాలి. వసతిగృహాలలో, మహిళల కుట్టు కేంద్రాలలో వారానికొక సంభాషణ వినిపించాలి. విన్న తరువాత ఆ పుస్తకం రెండు ప్రతులు అక్కడే అందుబాటులో ఉంచాలి. రిజర్వేషన్ల కోసం, ఉపకార వేతనాల కోసం మనం అర్జీలు పెట్టుకుంటూనే ఉంటాం, పెట్టుకోవాలి కూడా. ఈ పనికి మాత్రం ఎవరి మంజూరూ అక్కరలేదు.